స్పెషల్ గదుల దుప్పట్లు

"చొక్కా విప్పు" అన్నాడు తాళాల సారు.

బాయిలర్ బాబాయికి మొదట అర్థం కాలేదు. సరిగ్గా వినబడలేదేమోనని తల కొంచెం ముందుకు వంచాడు. ఇరవై ఏళ్ళు బాయిలర్ పక్కన నిలబడి ఆయనకు కుడి చెవి మందగించింది.

"ఆ యూనిఫాం ఏజెన్సీది. ఏజెన్సీని నిలదీసేవాడికి ఏజెన్సీ చొక్కా దేనికి? విప్పి ఇక్కడ పెట్టి పో."

పొద్దున్న ఎనిమిది గంటలకు, హాస్పిటల్ కింది అంతస్తులోని లాండ్రీలో, ఇరవై రెండు మందిమి చూస్తుండగా ఈ మాట అన్నాడు. బాబాయి చేసిన నేరం ఒక్కటే. రెండు నెలలుగా రాని జీతం ఎప్పుడిస్తారని అడిగాడు. అంతకుముందు నాలుగుసార్లు సారు గదిలోకి వెళ్ళి వినయంగా అడిగాడు. బాబాయి భార్యకు కంటి ఆపరేషన్ అయింది, వేయాల్సిన చుక్కల మందు అయిపోయింది. అందుకని అయిదోసారి అందరి ముందూ అడిగాడు.

బాబాయి గుండీలు తీశాడు. పై గుండీ చాలాసేపు రాలేదు. చొక్కా కింద బనీను వీపు దగ్గర చిరిగి ఉంది. విప్పిన చొక్కాను విసిరి పారేయలేదు. చేతులు లోపలికి మడిచి, కాలరు సరిచేసి, దుకాణంలో పెట్టినట్టు బల్ల మీద పెట్టాడు. తర్వాత ఆ బనీనుతోనే, పైన ఓపీ ముందు కూర్చున్న జనం మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మెషిన్లు తిరుగుతూనే ఉన్నాయి. మాలో ఒక్కరం కూడా నోరు తెరవలేదు.

నేను ఆయనకు పది అడుగుల దూరంలో ఉన్నాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. కాలేజీల నుంచి వచ్చినవాళ్ళు, వేరే ఫ్యాక్టరీల నుంచి వచ్చినవాళ్ళు ఈ కథ చెప్పమని అడుగుతున్నారు. నేనేదో గుండె ధైర్యం ఉన్న మనిషిననుకుంటున్నారు. నేను చిన్నప్పటి నుంచీ పిరికిదాన్ని. ఎవరైనా గొంతు పెంచితే నాకు కడుపులో నొప్పి వస్తుంది. లాండ్రీలో నా పని గుర్తులు వేయడం. ప్రతి కొత్త దుప్పటి మూల మీదా, గౌను మీదా వార్డు పేరూ నంబరూ నల్ల సిరాతో రాయాలి. ఎన్నిసార్లు ఉడకబెట్టినా ఆ సిరా పోదు, నా వేళ్ళ మీద నుంచి కూడా పోదు. అందుకే నన్ను అందరూ సిరా వదిన అంటారు.

మేం హాస్పిటల్లో పనిచేస్తాం, కానీ మమ్మల్ని పెట్టుకున్నది ఏజెన్సీ. జీతం సంగతి అడిగితే ఏజెన్సీ వాళ్ళు "హాస్పిటల్ నుంచి బిల్లు రాలేదు, మేం మాత్రం ఎక్కణ్ణుంచి తేవాలి" అంటారు. హాస్పిటల్ ఆఫీసుకు పోతే "మీరు మా మనుషులు కారు" అంటారు. ఏజెన్సీ యజమానిని మేమెవరం చూడలేదు. మాకు తెలిసిన ఏజెన్సీ అంతా మా మీద అజమాయిషీ చేసే తాళాల సారే. నడుముకు పెద్ద తాళాల గుత్తి కట్టుకుని తిరుగుతాడు. మెషిన్ల రొదలో కూడా ఆ గుత్తి చప్పుడు నాకు వినబడేది.

బాబాయి వెళ్ళిన రోజు మధ్యాహ్నం తాళాల సారు నన్ను తన గదికి పిలిచాడు. నా పనైపోయిందనుకున్నాను. కూర్చోమన్నాడు. అక్కడ మమ్మల్ని ఎవరూ కూర్చోమనరు. దాంతో భయం ఇంకా ఎక్కువైంది. సొరుగు తీసి రబ్బరు బ్యాండు వేసిన నోట్లు నా ముందు పెట్టాడు.

"నీ రెండు నెలలూ. లెక్క చూసుకో."

"అందరికీ వచ్చాయా సార్?"

"నీకు వచ్చాయి. చాలదా?"

ఒక తెల్లకాగితం ఇచ్చాడు. పైన సగం ఖాళీ. కింద వరుస నంబర్లు వేసి ఉన్నాయి. "అందరి సంతకాలూ పెట్టించు. బిల్లు తొందరగా రావాలంటే హాస్పిటల్‌కి ఇది కావాలి. నువ్వడిగితే పెడతారు, నువ్వంటే గురి."

"పైన ఏమీ రాయలేదు కదా సార్."

"టైపు చేయిస్తాం." తర్వాత చాలా మామూలుగా అడిగాడు. "మీ అమ్మాయి బడి ఆ పెట్రోలు బంకు మలుపు దగ్గరదే కదా? ఒక్కతే నడిచి వస్తుంది పాపం."

కాగితం తీసుకున్నాను. డబ్బూ తీసుకున్నాను.

రెండు రోజుల్లో పధ్నాలుగు సంతకాలు పెట్టించాను. బిల్లు కోసం అని చెప్పాను. నిజమేనేమోనని నాకు నేను కూడా చెప్పుకున్నాను. ఇస్త్రీ పెద్దమ్మ అందరికన్నా పెద్దది, లాండ్రీలో ఆమె మాటంటే మాటే. ఆమె కూడా నా మొహం చూసి వేలిముద్ర వేసింది. మిరపకాయ ఒక్కతే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె ఆరబెట్టే మెషిన్ల దగ్గర పనిచేస్తుంది, నోరు తెరిస్తే ఎదుటివాడి కళ్ళు మండాల్సిందే.

"పైన బోడిగా ఉందేంటే వదినా? రేపు నా ఇల్లు రాసిచ్చానని టైపు చేసుకుంటే?"

"నీకు ఇల్లెక్కడుందే?"

"లేదు కాబట్టే జాగ్రత్తగా ఉండాలి" అని కాగితం తిరిగి ఇచ్చేసింది.

ఆ పధ్నాలుగుతోనే కాగితం సారుకి ఇచ్చేసి, ఇంటి అద్దె కట్టాను. మా ఆయన లారీ మీద నుంచి పడి, కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. "జీతాలొచ్చాయా? అందరికీనా?" అని అడిగాడు. అందరికీ అన్నాను. మర్నాడు ఎవరికీ అనుమానం రాకూడదని నేనొక పని చేశాను. ఈ కథలో నాకు అన్నిటికన్నా సిగ్గు దాని గురించే. చేతిలో డబ్బు ఉండగా మిరపకాయ దగ్గరికి పోయి బస్సు ఖర్చులకు చేబదులు అడిగాను. తిట్టుకుంటూనే పవిట కొంగు ముడి విప్పి ఇచ్చింది.

ఆ తర్వాతి వారం మెషిన్ తమ్ముడు తన సెలవు రోజున లేబర్ ఆఫీసుకు వెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళవాడు, ఉతికే మెషిన్లు నడుపుతాడు, ఎక్కువ మాట్లాడడు. మర్నాడు భోజనాల వేళ ఆరుబయట బట్టలారేసే తీగల కింద మేమంతా బాక్సులు విప్పుతుంటే వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"మనకి జీతాలు ముట్టాయంట" అన్నాడు.

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. గేటు దగ్గర నుంచి అడిగి తెచ్చుకున్న ఫోనులో ఫొటో చూపించాడు. లేబర్ ఆఫీసులో ఏజెన్సీ వాళ్ళు ముందే ఇచ్చిపెట్టిన కాగితం అది. 'ఈ రెండు నెలల జీతం పూర్తిగా అందుకున్నాము. ఏజెన్సీతో మాకు ఎటువంటి పేచీ లేదు.' కింద పధ్నాలుగు సంతకాలు.

ఎవరూ నన్నేమీ అనలేదు. ఒకరి తర్వాత ఒకరు నా వైపు తిరిగారు, అంతే. పారిపోదామనిపించింది.

"నాకు తెలియదు" అన్నాను. తర్వాత "తెలుసు" అన్నాను. తర్వాత అంతా చెప్పేశాను. సొరుగూ, నోట్లూ, పెట్రోలు బంకు మలుపూ.

"నీకు జీతం వచ్చిందా?" అంది మిరపకాయ. నెమ్మదిగా అంది. ఆమె నెమ్మదిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "మరి మొన్న నా దగ్గర చేబదులు ఎందుకు తీసుకున్నావే?"

జాకెట్లో నుంచి తీసి ఆ డబ్బు ఆమె ముందు పెట్టాను. తీసుకోలేదు. ఒకావిడ నా బాక్సు మూత పెట్టేసి దూరంగా జరిపింది. ఒకతను లేచి నా మీదికి వచ్చాడు. కొడితే బాగుండు, అయిపోతుంది అనుకున్నాను.

"ఆగరా" అంది పెద్దమ్మ. "తిట్లు తర్వాత తిడదాం, నేనూ తిడతాను. ముందు ఒక సంగతి తేల్చండి. ఈమెకి జీతం ఇచ్చారంటే ఏంటి దానర్థం?"

"బిల్లు వచ్చిందని" అన్నాడు మెషిన్ తమ్ముడు.

"వచ్చింది. మన డబ్బులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఈ పిరికి మొద్దుకి ముట్టజెప్పి మనకి లేవన్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళ మాటకి ఎదురు మన మాట తప్ప ఇంకేం లేదు. ఇప్పుడు సాక్షి దొరికింది." నా వైపు తిరిగింది. "అమ్మాయ్, ఇదే మాట లేబర్ ఆఫీసులో చెప్తావా?"

"నాకు భయం పెద్దమ్మా."

"నిన్ను భయపడొద్దని నేనన్నానా? చెప్తావా అని అడిగాను."

మిరపకాయ ఆ చేబదులు డబ్బు తీసి నా మీదికి విసిరింది. "ఉంచుకో. ఆఫీసుకి పోవడానికి బస్సు చార్జీ."

ముగ్గురం వెళ్ళాం. పెద్దమ్మా, మెషిన్ తమ్ముడూ, నేనూ. ఆఫీసరు నా మాట రాసుకున్నాడు. నోటీసు పంపుతాం, పదిహేను రోజులు పడుతుంది అన్నాడు. నోటీసుకు పదిహేను రోజులు పట్టిందేమో గానీ కబురుకు మాత్రం సాయంత్రం దాకా కూడా పట్టలేదు. నేను ఇంటికి వచ్చేసరికి మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో తాళాల సారు కూర్చుని ఉన్నాడు. గుత్తి విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. మా అమ్మాయి ఇచ్చిన మంచినీళ్ళు తాగుతున్నాడు.

"మీ ఆవిడ మంచిదే" అంటున్నాడు మా ఆయనతో. "సావాసాలే బాగాలేవు. కాలు ఎప్పటికి నయమవుతుందన్నారు? ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే కదా. నేనైతే ఆడమనిషిని వీధిన పడనివ్వను."

గ్లాసు చాలా జాగ్రత్తగా కింద పెట్టి, మా అమ్మాయికి బాగా చదువుకోమని చెప్పి వెళ్ళాడు. తాళాల గుత్తి చప్పుడు సందు చివరిదాకా వినబడింది.

"నాకు అబద్ధం చెప్పావు" అన్నాడు మా ఆయన.

"చెప్పాను. భయమేసి చెప్పాను. ఇప్పుడూ భయమేస్తోంది."

"నాకూ వేస్తోంది" అన్నాడు. కట్టు వేసిన కాలి వంక చూసుకున్నాడు. "ఈ గొడవ మానేయమని చెప్దామనుకున్నాను. వాడు ఆ కుర్చీలో కూర్చున్న తీరు చూశాక నా నోటికి రావట్లేదు. ఆ తలుపు గడియ పెట్టు."

మర్నాటి నుంచీ పెట్రోలు బంకు మలుపు దగ్గర మా అమ్మాయి ఒంటరిగా నడవలేదు. సాయంత్రం డ్యూటీ దిగినవాళ్ళు వంతులేసుకుని బడి నుంచి తీసుకొచ్చారు. మొదటి వంతు మిరపకాయది. నాతో మాత్రం మాట్లాడేది కాదు.

పని ఆపాలా వద్దా అన్న వాదన రెండు రోజులు సాగింది. మెషిన్ తమ్ముడు మొత్తం ఆపేద్దామన్నాడు. దుప్పట్లు లేకపోతే హాస్పిటల్ ఒక్క రోజు నడవదని అతనికి తెలుసు.

"నడవదు. ఆపరేషన్ బల్ల మీద ఉన్నోడు ఏమవుతాడు?" అంది పెద్దమ్మ.

"మన కడుపుల గురించి వాళ్ళాలోచించారా?"

"ఆ బల్ల మీదుండేది యజమాని కాదురా. మన బాబాయి పెళ్ళాం లాంటిది."

ఎవరి మాట గెలిచిందంటే చెప్పలేను. ఇద్దరివీ కలిపి మూడో మాట మిరపకాయ అంది. "ఆపరేషన్ బట్టలు, కాన్పులవి, పిల్లల వార్డువి ఉతుకుదాం. జనరల్ వార్డులవీ ఉతుకుదాం. ఆఫీసు కర్టెన్లు, పెద్ద డాక్టర్ల కోట్లు, అయిదో అంతస్తు స్పెషల్ గదుల దుప్పట్లు మాత్రం పక్కన పెడదాం. డబ్బులున్నోళ్ళకి మాసిన గుడ్డ మీద పడుకుంటే ఎట్లా ఉంటుందో చూద్దాం."

చేతులెత్తమన్నారు. ఇరవై రెండు చేతులు లేచాయి. బాబాయి పోయాక మేం అంతమందిమే. నా చెయ్యి ఆఖరున లేచింది, ఎవరైనా చూస్తున్నారా అని ద్వారం వైపు చూసుకున్నాక.

మూడు రోజులు అలాగే చేశాం. స్పెషల్ గదుల మూటలు గోడ వారగా పేరుకుపోయాయి. నాలుగో రోజు పదకొండు గంటలకు తాళాల సారు ఇద్దరు మనుషులతో వచ్చాడు. లోపలికి రాలేదు. షట్టరు దగ్గరే నిలబడి ఆ మూటలు చూపించాడు.

"అవి ఉతికి, ఇస్త్రీ చేసి పైకి పంపండి. అప్పుడు తీస్తాను."

షట్టరు కిందికి దిగింది. బయట తాళం పడిన చప్పుడు వినబడింది.

మా ఫోన్లు పొద్దున్నే గేటు దగ్గర పెట్టెలో పెట్టి రావాలి, అది రూలు. ఇక ఉన్న దారి గోడలోని చిన్న లిఫ్టు ఒక్కటే. ఉతికిన మూటలు వార్డులకు పంపడానికి పెట్టింది. దుప్పట్ల మూట పడుతుంది గానీ మనిషి పట్టడు. షట్టరు మూసేసరికి గాలి ఆగిపోయింది. పన్నెండయ్యేసరికి ఆరబెట్టే మెషిన్ల వేడికి గోడలు చెమర్చాయి. మెషిన్లు ఆపేశాం, అయినా ఆవిరి పోలేదు. మాలో ఆరో నెల కడుపుతో ఒక కొత్తమ్మాయి ఉంది. పెదాలు తెల్లబడి గోడకు జారిపోయింది. తడి దుప్పటి పరిచి పడుకోబెట్టాం. షట్టరు మీద గుద్దాం, అరిచాం. బయట ఎవరున్నారో గానీ పలకలేదు.

నేను మూల కూర్చుని ఏడ్చాను. నా వల్లే ఇదంతా అనుకున్నాను. ఇంకాసేపు ఉంటే "ఉతికేద్దాం" అని నేనే అనేదాన్ని. ఆ మాట నా నాలుక చివరకు వచ్చింది.

నా కన్నా ముందు పెద్దమ్మ అంది. "ఉతికేద్దాం."

అందరూ ఆమె వైపు చూశారు.

"స్పెషల్ గదుల దుప్పట్లే కావాలన్నాడు కదా. ఉతికి పంపిద్దాం. సిరా వదినా, నీ సిరా ఎంతుంది?"

"రెండు సీసాలు."

"చాలు. మూల మీద నంబరు రాస్తావుగా. ఇవాళ నడిమధ్యన రాయి."

లాండ్రీలో రాసేదాన్ని నేనొక్కదాన్నే. హాస్పిటల్లో ప్రతి దుప్పటి మీదా నా చేతిరాతే. రాస్తే పోలీసులు వెతకాల్సిన పని కూడా ఉండదు. ఆ మాటే అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

మిరపకాయ వారం తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడింది. "అయితే ఒక్కదాన్నే ఎందుకు రాయడం? నువ్వొకటి రాసి చూపించు. ఎవరిది వాళ్ళం చూసి రాస్తాం."

మెషిన్లు మళ్ళీ తిప్పాం. ఆరిన మొదటి తెల్ల దుప్పటి ఇస్త్రీ బల్ల మీద పరిచి పెద్ద అక్షరాలతో రాశాను. 'ఈ దుప్పటి ఉతికిన మాకు రెండు నెలలుగా జీతం లేదు. అడిగితే కింద పెట్టి తాళం వేశారు.' రాస్తున్నంతసేపూ చెయ్యి వణికింది. ఆ వంకర ఇప్పటికీ ఆ దుప్పటి మీద ఉంటుంది. తర్వాత కుంచెలు చాలక పుల్లలకు గుడ్డ చుట్టుకున్నారు. అయిదుగురికి అక్షరాలు రావు. నా దుప్పటి పక్కనే పెట్టుకుని ముగ్గు వేసినట్టు గీతలు చూసి గీశారు. పెద్దమ్మ రాసిన దాంట్లో జీతం కాస్తా జతం అయింది. దిద్దుతానంటే ఊరుకోలేదు. "ఉండనీ. మొదటిసారి రాశాను" అంది. అంత వేడిలో, అంత భయంలో, కొత్తమ్మాయి పడుకున్నచోటు నుంచే పకపకా నవ్వింది.

ముప్ఫై ఒక్క దుప్పట్లు మడిచి, రాత లోపలికి పోయేలా సర్ది, చిన్న లిఫ్టులో పైకి పంపాం.

పైన ఏం జరిగిందో తర్వాత ఒక ఆయా చెప్పింది. మొదటి గదిలో దుప్పటి దులిపి పరిచి, చదివి, అలాగే నిలబడిపోయిందట. తర్వాత దాన్ని తీయకుండా రెండో గదిలోకి పోయి ఇంకొకటి పరిచిందట. ఆయాలదీ అదే ఏజెన్సీ. వాళ్ళకూ రెండు నెలలుగా జీతం లేదు. అరగంటలో అయిదో అంతస్తు రోగుల చుట్టాలంతా వరండాలోకి వచ్చారు. ఎవరో దుప్పటిని కిటికీలోంచి వేలాడదీశారు. ఓపీ జనం మెడలెత్తి చదివారు. మూడింటికి షట్టరు లేచింది. తీసింది తాళాల సారు కాదు, గునపంతో వచ్చిన, రోగుల ట్రాలీలు తోసేవాళ్ళు. కొత్తమ్మాయిని నేరుగా కాన్పుల వార్డుకు తీసుకుపోయారు. తల్లీ, కడుపులో బిడ్డా బాగానే ఉన్నారు.

గాలి పీల్చుకుని పావుగంట కాలేదు, పోలీసులు వచ్చారు. హాస్పిటల్ ఆస్తి పాడు చేశామని ఏజెన్సీ ఫిర్యాదు. తాళం వేసినవాడి మీద ఏ ఫిర్యాదూ లేదు. తాళాల సారు వేలు పెట్టి చూపించాడు. పెద్దమ్మ, మెషిన్ తమ్ముడు, నేను. జీపు ఎక్కేటప్పుడు మెట్టు అందక రెండుసార్లు జారాను.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు నన్ను విడిగా కూర్చోబెట్టాడు. "నువ్వు మంచిదానివని విన్నాను. నీకు జీతం కూడా వచ్చిందట. వాళ్ళిద్దరే బలవంతంగా రాయించారని ఒక్క మాట చెప్పు. పిల్ల బడి నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉంటావు."

నేనేమీ చెప్పలేదు. మీరనుకుంటున్నట్టు తెగించి కాదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. "నీళ్ళు" అని అడగాలనుకున్నా మాట రాలేదు. ఆయన మళ్ళీ అడిగాడు, బల్ల మీద గుద్దాడు, లాఠీ తీసి ముందు పెట్టాడు. ఎంత భయపెడితే అంత నోరు బిగుసుకుపోయింది. చివరికి "మొండిఘటం" అని కానిస్టేబుల్‌తో అన్నాడు. నా గురించి ఎవరైనా ఆ మాట అనడం జన్మలో అదే మొదలు.

అయిదు గంటలప్పుడు బయట చప్పుడైంది. కిటికీలోంచి చూశాను. లాండ్రీ వాళ్ళంతా వచ్చారు. ఆయాలు, ట్రాలీవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, స్పెషల్ గదుల రోగుల చుట్టాలు కొందరు. మా ఆయన కట్టు కాలుతో ఆటోలో ఉన్నాడు, మా అమ్మాయి పక్కన నిలబడి ఉంది. బాయిలర్ బాబాయి అందరికన్నా వెనక ఉన్నాడు, శుభ్రమైన గళ్ళ చొక్కాలో.

కాసేపటికి తెల్ల కారు వచ్చింది. ఏజెన్సీ యజమానిని మొదటిసారి చూశాం. పొట్టిగా, దగ్గుతూ, చెమట తుడుచుకుంటూ ఉన్నాడు. ఇన్నేళ్ళు మేం భయపడింది ఈయనకా అనిపించింది. ఇన్‌స్పెక్టరుతో గుసగుసలాడాడు. మమ్మల్ని ముగ్గుర్నీ మెట్ల మీదికి తెచ్చారు.

"అందరి జీతాలూ తెచ్చాను" అన్నాడు యజమాని. "కారులోనే ఉన్నాయి. పేరు పిలిచినవాళ్ళు వచ్చి తీసుకుని ఇంటికి పొండి. రేపు పనికి రండి. కేసు కూడా ఉండదు. ఈ ముగ్గురూ, ఆ బాయిలర్ అతనూ మాత్రం రానక్కర్లేదు."

ఆ జనంలో ఎవరి ఇంట్లో ఏముందో నాకు తెలుసు. రెండు నెలలుగా అప్పుల మీద బతుకుతున్నారు. తీసుకుని వెళ్ళిపోతే ఒక్క మాట అనడానికి నాకు నోరు లేదు, నేనంతకన్నా అన్యాయం చేశాను. మొదటి పేరు పిలిచారు. మిరపకాయది.

నడిచి వెళ్ళింది. డబ్బు తీసుకుంది. అందరి ముందూ వేలు తడి చేసుకుంటూ లెక్కపెట్టింది. సంచిలో పెట్టుకుంది. నేను తల దించుకున్నాను.

"సరిపోయింది" అనడం వినబడింది. "మరి ఆ నలుగురి ఉద్యోగాలు?"

"చెప్పాను కదమ్మా. వాళ్ళు వద్దు."

"మీరు ఇచ్చింది నేను చేసిన పనికి. అది నాదే. దీనికి బదులు వాళ్ళ ఉద్యోగాలు నేను మీకు అమ్మలేదు" అంది. అని, కారు ముందు, మట్టిలో, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మిగతావాళ్ళకి ఇవ్వకు" అన్నాడు యజమాని, డబ్బిస్తున్న తన గుమస్తాతో. కానీ జనం అప్పటికే ముందుకు జరిగారు. ఇన్‌స్పెక్టరుకు తన స్టేషన్ ముందు గొడవ ఇష్టం లేదు. "తెచ్చిన డబ్బు ఇవ్వకపోతే ఈ జనాన్ని నేను ఆపలేను, ఇచ్చేయండి" అన్నాడు. రెండో పేరు పిలిచారు. ఆమె లెక్కపెట్టుకుని మిరపకాయ పక్కన కూర్చుంది. మూడో అతను, నాలుగో ఆమె. జీతాలు అందనే అందని ఆయాలు వచ్చి వెనక వరుస కట్టారు. మా అమ్మాయి తండ్రికి ఆటోలోనే ఉండమని సైగ చేసి వాళ్ళ మధ్యకు పోయి కూర్చుంది. కారుకు ముందూ వెనకా దారి లేకుండా పోయింది.

పెద్దమ్మ మెట్లు దిగింది. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టబోయి, జనాన్ని చూసి తీసేశాడు. మెషిన్ తమ్ముడు ఆమె వెనక దిగాడు. బాబాయి పక్కకు జరిగి చోటిచ్చాడు.

నేనూ దిగాను. తాళాల సారు నన్నే చూస్తున్నాడు. ఎలాగో మిరపకాయ దాకా వెళ్ళాను, ఇక కాళ్ళు నిలవలేదు, కూలబడ్డాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది. భయంతో పడ్డానని ఆమెకు తెలిసిందేమో నాకు తెలియదు. కారు దగ్గరున్నవాళ్ళకు మాత్రం నేను కూడా కూర్చున్నట్టే కనబడింది.